లోపలి గదిలో ఏడో మనిషి

ఆదివారం, 431వ పోరు

మళ్లీ ఓడిపోయాం. వరుసగా ఇది మూడో ఆదివారం.

నేను కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టేసరికే బజారి ఖాళీ బిందెలు గోడవారగా పేరుస్తున్నాడు. బజారి నా భర్త, బ్యాటరీల షెడ్డులో పని చేస్తాడు. పోరు ఎలా పోయిందో నా ముఖం చూడకుండానే ఆయనకు తెలిసిపోతుంది. గెలిచిన బ్లాకు పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నం దాకా నీళ్లు పట్టుకుంటుంది. ట్యాంకు అడుగున మిగిలింది ఓడిన బ్లాకుకు. ఈ వారం కూడా ఆ అడుగు నీళ్లు మా తూర్పు బ్లాకుకే.

"ఈసారి ఎట్ల పోయింది?" అన్నాడు.

"జెండా యాడ దాచినామో వాళ్లకు ముందే తెలుసు. దారి కూడా ఎతకలేదు, నేరుగా వచ్చినారు."

"పోయిన వారం కూడా అదే చెప్పినావు."

"పోయిన వారం కూడా అదే జరిగింది."

బజారి మళ్లీ బిందెల వైపు తిరిగాడు. కానీ నాకు మనసులో ఒక అనుమానం పడింది. మా ఇరవై నాలుగు ఇళ్లకు ఇరవై నలుగురం. ఇంటికొకరం చొప్పున ఆట కళ్లజోడు పెట్టుకుని, అందులో మాత్రమే కనిపించే కోటలోకి దిగుతాం. అవతల పడమటి బ్లాకు వాళ్లు ఇరవై నలుగురు. ఎవరి జెండా ముందు దొరికితే వాళ్లు ఓడినట్టు. మా జెండా చోటు వాళ్లకు తెలుస్తోందంటే మాలో ఎవరో చెబుతున్నారు.

అందుకే ఈ రాత మొదలుపెట్టాను. ఇది నా ఒక్కదాని కోసం.

మంగళవారం

పొద్దున సౌర ఫలకాలు తుడిచే యంత్రం ఒకటి ఎనిమిదో వరుసలో ఆగిపోతే బాగు చేయడానికి వెళ్లాను. నా పని అదే. ఎండలో ఆ వరుసలు అర మైలు పొడవున మెరుస్తుంటాయి. నీళ్లు లేని వారంలో వాటిని పొడి గుడ్డతోనే తుడవాలి, అందుకే యంత్రాలు తొందరగా చెడిపోతాయి.

అక్కడికే ఫోన్ వచ్చింది. మా నాయకుడు రంగముని.

"సుంకమ్మా, నిన్ను లోపలి గదిలోకి తీసుకుందామనుకుంటాండాం."

చేతిలో స్పానర్ పక్కన పెట్టాను. పోరులో ఉన్న అందరికీ మాట్లాడుకునే గది ఒకటుంది, అందులో ఎవరి గొంతయినా వినిపిస్తుంది. అది కాక రంగముని, హంపమ్మ, ఇంకో నలుగురు, మొత్తం ఆరుగురికి మాత్రమే ఇంకో గది ఉంది. ఎత్తులన్నీ అక్కడే తేలతాయి. మేం పెద్ద గదిలోకి వచ్చేసరికి ఆ ఆరుగురూ అప్పుడే ఏదో నవ్వి ఆపినట్టు ఉంటారు. నాలుగేళ్లుగా ఆ నవ్వు అవతలే ఉన్నాను.

"నేనేం చెయ్యాల అన్నా?"

"తిక్కయ్య మీద కన్నేసి పెట్టు. యాడికి పోతాండాడు, ఎవరితో సైగలు చేస్తాండాడు, అన్నీ రాసి మాకియ్యి."

సరే అన్నాను. ఎందుకని ఒక్క మాటైనా అడగలేదు. ఆ సంతోషంలో అడగాలని కూడా తోచలేదు.

గురువారం

తిక్కయ్య మామ వయసు యాభై ఆరు. ఒకప్పుడు బోరు బండి నడిపేవాడు. ఇప్పుడు ఇంట్లో ఆయన, కూతురు భాగ్యమ్మ, ఆమె ఐదు నెలల బిడ్డ.

కోటలో ఆయన ఆట తీరు వేరు. ఎదురుపడిన శత్రువుకు ముందు చేతులు జోడిస్తాడు, తర్వాతే కత్తి తీస్తాడు. అవతలి మనిషి తెర నిలిచిపోయి బొమ్మలా ఆగిపోతే కొట్టడు, మళ్లీ కదిలేదాకా పక్కన నిలబడి ఉంటాడు. కొత్తల్లో అందరం అలాగే ఆడేవాళ్లం. ఈ కళ్లజోళ్ల పోరు రాకముందు ట్యాంకు దగ్గర నిజం రాడ్లతో కొట్టుకుని ఇద్దరు చచ్చిపోయారు, వాళ్లలో ఒకరు మా చిన్నాన్న. ఆ భయానికి ఒకరికొకరం మర్యాదగా ఉండేవాళ్లం. తర్వాత వానలు తగ్గాయి. చేతులు జోడించడం మానేశాం. ఆగిన మనిషిని కొట్టడం మొదలుపెట్టాం. ఇప్పుడు శత్రువుకు దండం పెట్టేవాడు ఎవడైనా ఉంటే వాడి మీదే అనుమానం.

సాయంత్రం సాధన వేళ కోటలోకి దిగి గోడ చాటు నుంచి చూశాను. తిక్కయ్య కోనేటి మెట్ల మీద కూర్చున్నాడు. కాసేపటికి పచ్చ తలపాగా పెట్టుకున్న పడమటి మనిషి ఒకడు వచ్చి నాలుగు మెట్ల అవతల కూర్చున్నాడు. ఎదుటి పక్షం మాట కోటలో వినిపించదు, సైగలే దిక్కు. పచ్చ తలపాగా లేచి మళ్లీ కూర్చున్నాడు, రెండుసార్లు. తిక్కయ్య లేచి తన చుట్టూ తాను ఒకసారి తిరిగాడు. ఇద్దరూ వెళ్లిపోయారు.

వెంటనే రాసి లోపలి గదికి పంపాను.

శనివారం

లోపలి గదిలో మొదటిసారి మాట్లాడాను. ఎత్తులన్నీ హంపమ్మ బుర్రలోంచే వస్తాయి. నా రాతను ఆమె పదం పదం చదివించుకుంది.

"రెండుసార్లు కూసున్నాడంటే రెండో ద్వారం. ఒకసారి తిరిగితే?"

"చుట్టుగోడ," అన్నాడు ఎవరో.

"పోయిన ఆదివారం జెండా యాడ పెట్టినాం?"

"రెండో ద్వారం పక్కన, చుట్టుగోడ కిందనే," అన్నాను నేను. ఎవరూ అడగకముందే అన్నాను.

గదిలో అందరూ ఒక్కసారిగా ఊపిరి వదిలారు. ఎంత బాగా కలిసిందో! ఆ క్షణంలో ఆ ఆరుగురికీ నేను సొంతదాన్ని అయిపోయాను.

రంగముని నెమ్మదిగా అన్నాడు. "రేపు పరీక్ష పెడదాం. జెండా పగులు గోడ దగ్గర ఉంటాదని తిక్కయ్యకు ఒక్కనికే చెప్తా. అసలుది పాత బావిలో పెడదాం. బావి సంగతి మన ఏడుగురికి తప్ప ఎవరికీ తెలియగూడదు. మిగతావాళ్లకు ఏమీ చెప్పొద్దు."

ఆదివారం, 432వ పోరు

ఓడిపోయాం. అయినా లోపలి గది గెలిచినట్టే ఉంది.

పడమటి వాళ్లు పన్నెండు మంది పగులు గోడ మీదికి ఉరికారు. మా ఏడుగురం కాక తిక్కయ్యకు ఒక్కనికే తెలిసిన చోటు అది. మిగతా పన్నెండు మంది బావి మీద పడి జెండా తీసుకుపోయారు.

"దొరికినాడు!" హంపమ్మ అరిచింది. "మూడు వారాలు మన పిల్లలకు నీళ్లు లేకుండా చేసినోడు వాడే."

పెద్ద గదిలో అందరినీ కూడగట్టి నా రాత నాచేతే చదివించారు. తిక్కయ్య ఒక్క మాటే అన్నాడు. "పాపా, నన్ను ఒకసారి అడిగి ఉండొచ్చు గదా."

ఓట్లు వేశారు. ఇరవై ఇద్దరు తీసేయమన్నారు, నేనూ అందులో ఉన్నాను. ఓటు వేయనిది బీడీల అంగడి మస్తానమ్మ ఒక్కతే. పోరు నుంచి తీసేసిన ఇంటికి నీళ్లు అందరి తర్వాత.

సాయంత్రం భాగ్యమ్మ బిడ్డను చంకనేసుకుని కొళాయి దగ్గర నిలబడి ఉండటం మా కిటికీలోంచి కనిపించింది. కొళాయి బుస్సుమని గాలి వదులుతోంది. బజారి కూడా చూశాడు.

"నిజంగా ఆ ముసలాయనేనా?" అన్నాడు.

"పరీక్షలో దొరికినాడు గదా."

"సరే." ఆ 'సరే'లో నమ్మకం లేదు. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో సరిగ్గా తెలియలేదు.

మంగళవారం

ఎనిమిదో వరుసలో మళ్లీ అదే యంత్రం. మర బిగిస్తుంటే చెయ్యి ఆగిపోయింది.

పన్నెండు మంది బావి దగ్గరికి ఎందుకు వెళ్లారు?

తిక్కయ్యకు బావి సంగతి తెలియదు. ఆయన చెప్పి ఉంటే ఇరవై నలుగురూ పగులు గోడ దగ్గరికే పోవాలి. బావి సంగతి తెలిసింది ఏడుగురికే. అందులో ఒకదాన్ని నేను. అంటే ఆ ఆరుగురిలో ఎవరో చెప్పారు. పగులు గోడ సంగతీ ఆ మనిషే చెప్పి ఉండాలి, నేరం ముసలాయన మీద పడేలా.

ఈ మాట ఆ రోజే ఎవరికీ ఎందుకు తట్టలేదు? నాకెందుకు తట్టలేదు? దొంగ దొరికాడన్న సంబరంలో సగం మంది శత్రువులను లెక్కే పెట్టలేదు. గురువారం నాటి సైగ అంతకుముందు ఆదివారం జెండా చోటును ఎలా చెబుతుందని కూడా అడగలేదు.

మధ్యాహ్నం తిక్కయ్య ఇంటికి వెళ్లాను. తలుపు సగమే తెరిచి, ఆ సందులోంచే చూశాడు.

"రాసుకుండేకి వచ్చినావా?"

"లేదు మామా. ఒకటి అడగాలని వచ్చినా. ఆ పచ్చ తలపాగా ఎవరు?"

తలుపు పూర్తిగా తీశాడు.

"మాబాష. ముప్పై ఏండ్లు ఇద్దరం ఒకే బోరు బండి మీద ఉన్న్యాం. గొంతులో గడ్డొచ్చి ఆపరేషన్ చేసినారు, మాట పొయ్యింది. నాకు చదువు రాదు. ఫోన్లో ఏం మాట్లాడుకుంటాం? రెండు బ్లాకుల నడుమ గేటు దాటి పోదామంటే ఎందుకు, ఏమని మీరే అడుగుతారు. అందుకని ఆ మెట్ల మీద కూసుంటాం."

"మరి ఆ సైగలు?"

"లేసి కూసుంటే అన్నం తిన్నాడని. రెండుసార్లయితే బాగా తిన్నాడని. నేను తిరిగితే నా మోకాలు బాగుండాదని." మోకాలు రుద్దుకుంటూ అన్నాడు. "ఆ పొద్దు బాగలేదులే. ఊరికే తిరిగినా. వాడు దిగులు పడతాడని."

గదిలో బిడ్డ ఏడుస్తోంది. భాగ్యమ్మ నాకు మంచినీళ్లు ఇవ్వలేదు. ఇవ్వడానికి లేవో, ఇవ్వబుద్ధి కాలేదో, రెండూ న్యాయమే.

"మామా, తప్పు నాది. నిజం ఎవరో కనుక్కుంటా."

"కనుక్కో. కానీ పాపా, ఈ తూరి అడిగినాంక రాయి."

శనివారం

చేసిన పనికి మెచ్చుకోలుగా రేపటి జెండా దాచే పని లోపలి గది నాకే అప్పగించింది. నేను ఆరుగురికీ విడివిడిగా ఫోన్ చేశాను. ఒక్కొక్కరికి ఒక్కో చోటు చెప్పాను. గుర్రాల చావడి, వంటిల్లు, ధాన్యం పాతర, ఇంకో మూడు. ప్రతి ఒక్కరికీ ఒకే మాట అన్నాను. "నీకు ఒక్కరికే చెప్తాండా, ఎవరితోనూ అనొద్దు."

హంపమ్మకు అబద్ధం చెబుతూ ఆమె గొంతు మారుతుందేమోనని చెవి పెట్టి విన్నాను. ఆమే అయి ఉంటుందని నాకు గట్టి అనుమానం. మొదటి నుంచీ ఎక్కువ గొంతు చేసింది ఆమే కదా.

ఆదివారం, 433వ పోరు

గెలిచాం.

జెండాను ఆ ఆరు చోట్లా కాక వంతెన కింద కట్టి, నేను పై నుంచి చూస్తూ కూర్చున్నాను. డోలు మోగగానే పడమటి వాళ్లు గుర్రాల చావడి దాటారు. వంటిల్లు దాటారు. హంపమ్మకు చెప్పిన చోటువైపు కన్నెత్తి కూడా చూడలేదు. పదిహేను మంది నేరుగా ధాన్యం పాతర మూత పగలగొట్టారు.

ధాన్యం పాతర అని చెప్పింది రంగమునికి.

వాళ్లు ఖాళీ పాతరలో వెతుకుతుండగానే మావాళ్లు వాళ్ల జెండా పట్టుకొచ్చేశారు. పెద్ద గది అంతా కేకలు, ఈలలు. ఆ గోలలో రంగముని గొంతు ఒక్కటే వినిపించలేదు.

సోమవారం

కళ్లజోళ్లలో కాదు, ముఖాముఖి మాట్లాడాలని పట్టుబట్టాను. సాయంత్రం నాలుగింటికి యంత్రాల షెడ్డులో అందరం కూడాం. తిక్కయ్యను కూడా పిలిచాను. ఎనిమిదేళ్లుగా పక్కపక్కన నిలబడి పోరాడిన వాళ్లలో కొందరి ముఖాలు నేను దగ్గర్నుంచి సరిగ్గా చూడటం అదే మొదలు.

బావి సంగతి చెప్పాను. ఆరు చోట్ల సంగతి చెప్పాను. ఎవరి పేరూ ఇంకా అనకముందే హంపమ్మ లేచింది.

"అంటే మా ఆరుగురికీ అబద్ధం చెప్పినావా? నిన్ను లోపలికి తీసుకుంటే మా మీదే నిఘా పెడతావా? అసలు నువ్వే వాళ్ల మనిషివేమో ఎవరికి తెలుసు?"

చుట్టూ ముఖాలన్నీ నావైపు తిరిగాయి. వారం కిందట తిక్కయ్య వైపు తిరిగిన చూపులే అవి. ఎంత తేలికగా తిరుగుతాయో నాకు అప్పుడు తెలిసింది.

"ఆపు హంపక్కా," అన్నాడు రంగముని. కూర్చున్న చోటు నుంచి లేవలేదు. "ధాన్యం పాతర నాకు చెప్పిన చోటు. వాళ్లకు చెప్పింది నేనే."

హంపమ్మ కూర్చుండిపోయింది.

"మా అక్క ఉరుకుందమ్మ ఆ బ్లాకులో చివరి వీధిలో ఉంటాది. మూత్రపిండాలు పోయినాయి. రకతం కడిగే మిషన్ ఇంట్లోనే ఉండాది. ఒక్కో తూరికి నూటిరవై లీటర్లు పట్టాల. అంతకుముందు మనం వరసగా పదకొండు వారాలు గెలిస్తిమి. ఆ చివరి వీధికి చుక్క రాలేదు. రెండు తూర్లు మిషన్ ఎక్కలేక మొగమంతా ఉబ్బిపొయ్యింది. పోరులో ఉండే ఇల్లు గేటు దాటి నీళ్లియ్యగూడదు గదా, మనమే రాసుకున్న రూలు. నాకు ఇంకో దారి తెలియలేదు."

"ముసలాయన మీద నేరం ఎందుకు పెట్టినావు?" అడిగాను.

"మీకందరికీ ఎవరో ఒకరు కావల్సి ఉన్న్యారు. అప్పటికే ఆయన్ని అనుమానంగా చూస్తాండారు. నేను..."

తిక్కయ్య కర్ర మీద బరువు వేసి ముందుకు వచ్చాడు. కొడతాడేమో అనుకున్నాను.

"అడిగి ఉంటే నీళ్లు ఇయ్యకపోదుమా రంగమునీ?"

రంగముని తల ఎత్తి, ఒక్కొక్కరి ముఖం చూస్తూ అడిగాడు. "ఇచ్చేటోళ్లమా?"

ఆయన చూపు తగలగానే ఒక్కొక్కరూ తల తిప్పుకున్నారు. నేను కూడా.

రంగమునిని పోరు నుంచి తీసేశారు. తిక్కయ్యను మళ్లీ చేర్చుకుందామని మస్తానమ్మ అంది, చేతులన్నీ లేచాయి. తిక్కయ్య వద్దన్నాడు.

"చేరితే నేను కూడా రూలు కిందికి వస్తా. బయట ఉండే మనిషిని గేటు కాడ ఎవరు ఆపుతారు? మీరు డ్రమ్ములో పొయ్యండి. నేను తోసుకుపోతా."

మంగళవారం

పొద్దున మొదటి వంతు నీళ్లు మాకే. గెలిచాం కాబట్టి. నేను, బజారి బండి మీద డ్రమ్ము పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగాం. తొమ్మిది ఇళ్ల వాళ్లు తలా పది లీటర్లు పోశారు. కొందరు రేపు చూద్దామన్నారు. కొందరు లోపలే ఉండి పలకలేదు. హంపమ్మ తలుపు నేను తట్టలేదు.

వేపచెట్టు కింద రంగముని దూరంగా నిలబడి ఉన్నాడు. తిక్కయ్య కేక వేశాడు.

"ఏమప్పా, అట్ల చూస్తాంటే బండి కదులుతాదా? నా మోకాలు పని చెయ్యదు, వచ్చి పట్టు."

ఇద్దరూ తోశారు. నేను గేటు గీత దాకా పక్కన నడిచి, గీతకు ఇవతలే ఆగాను. మా ఇల్లు ఇంకా పోరులోనే ఉంది.

అవతల పడమటి వాళ్లు పదిమంది గుమికూడారు. ఎవరూ డ్రమ్ము ముట్టుకోలేదు.

"ఏముండాది ఇందులో?"

"నీళ్లు," అన్నాడు తిక్కయ్య.

"మొన్న గెలిచి ఈ పొద్దు నీళ్లు తెస్తారా? ఎవరు నమ్ముతారు?"

రంగముని మూత తీసి, దోసిలితో తాగి చూపించాడు.

"నువ్వు తాగితే ఏం, నువ్వు వాళ్లోడివే గదా," అన్నాడొకడు.

అప్పుడు గుంపులోంచి సన్నగా, గొంతుకు గుడ్డ చుట్టుకున్న పెద్దాయన ఒకడు వచ్చాడు. కోట బయట నేను ఆయన్ని చూడటం అదే మొదటిసారి. మాబాష ఏ సైగా చేయలేదు. వంగి దోసెడు నీళ్లు తీసుకున్నాడు. మింగడం ఆయనకు కష్టమని చూస్తేనే తెలుస్తోంది. మెల్లగా, కొంచెం కొంచెంగా, చివరి చుక్క దాకా తాగాడు. తర్వాత తిక్కయ్య భుజం మీద చెయ్యి వేసి అలాగే నిలబడ్డాడు.

గుంపు నెమ్మదిగా పక్కకు తప్పుకుంది. ఆ సందులోంచి ఒక ఆడమనిషి వచ్చింది. ముఖం ఉబ్బి ఉంది, ఎడమ చేతికి మోచేతి దాకా కట్టు. తమ్ముడి వైపు చూసింది. రంగముని నేల చూపులు చూస్తున్నాడు. ఆమె డ్రమ్ములోకి తొంగి చూసి, వేళ్లతో నీళ్ల మట్టం కొలిచింది.

"ఎన్ని లీటర్లు?"

"తొంభై," అన్నాను గీత ఇవతల నుంచి.

"నూటిరవై కావాల," అంది ఉరుకుందమ్మ. "మధ్యాహ్నం రెండింటికి మిషన్ ఎక్కాల. ఇంకో ముప్పై తీసుకొని రాండి."

తొంభై లీటర్లూ వాళ్ల బిందెల్లోకి ఒంపుకున్నాక, ఖాళీ డ్రమ్ముతో బండి గీత ఇవతలికి వచ్చింది. అప్పటికి పదిన్నర. మధ్యాహ్నం దాకా మా కొళాయిల్లో నీళ్లు వస్తాయి.

ఈసారి ముందుగా హంపమ్మ తలుపే తట్టాను.